ఆగాల్సిన క్షణం

గంజి వంచుతుంటే, "మిషన్ల ఫికరుల పడి రోజూ అన్నం మెత్తగ చేస్తున్నవ్," అంది మా అత్త గుర్వమ్మ. నిజమే. చేతులు గిన్నె దగ్గరున్నా మనసు ఆఫీసులోని సర్క్యూట్ బోర్డు మీదే ఉండేది.

తొంభై తొమ్మిది నాటి మాట. నల్లగొండలో మిషన్లను నడిపించే కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో నేనూ, నా భర్త అమరేందరూ పనిచేసేవాళ్లం. అతను ఆర్డర్లు తెచ్చేవాడు, నేను ప్రోగ్రాములు రాసేదాన్ని. ఆ ఏడాది మోత్కూరులో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లుకు కంట్రోలరు చేసిస్తామని మా కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. రోలర్లలో పత్తి చిక్కుకుంటే అక్కడి ఆడవాళ్లు ఎర్ర బటన్ నొక్కి, చేత్తో లాగేస్తారు. నొక్కిన క్షణమే రోలరు ఆగాలి. బోర్డును నడిపే మూల ప్రోగ్రామును కర్నెల్ అంటారు; మామూలు కర్నెల్ తనకు వీలైనప్పుడు పలుకుతుంది. పిలిచిన వెంటనే పలకాలంటే దానికి రియల్‌టైమ్ పొడిగింపులు కలపాలి. అవి పెద్ద కంప్యూటర్ల ప్రాసెసర్లకు రాసినవి. మా యజమాని రామచంద్రయ్య చవకగా తెచ్చిన బోర్డు మీద నడవవు. బోర్డు తయారుచేసినవాళ్లూ సాయం చేయలేమన్నారు. టైమరు భాగం, బటన్ నొక్కగానే వచ్చే సంకేతాలు, అంటే ఇంటరప్టులు అందుకునే భాగం మొత్తం నేనే కొత్తగా రాశాను. కూర తరుగుతూ ఆలోచించడం, ఆఫీసుకు పోయి రాయడం, బట్టలు ఉతుకుతూ తప్పు వెతుక్కోవడం. ఆఫీసుకు ఎవరైనా వస్తే, "మా ఆమె. టైపింగు చేస్తది," అనేవాడు అమరేందర్. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను.

చివరికి ఆ బోర్డు మీద కర్నెల్ నడిచింది. బటన్ నొక్కితే మోటారు ఆగింది. కానీ బోర్డుకు పని ఎక్కువైనప్పుడు, ఎప్పుడో ఒకసారి, ఇంటరప్టు ఆలస్యంగా అందేది. ఆ కాస్తసేపూ మోటారు తిరుగుతూనే ఉండేది. ఎందుకో నాకు అంతుచిక్కలేదు. ఇంకొంత సమయం కావాలన్నాను.

"ఎప్పుడో ఒకసారికి ఏమైతది?" అన్నాడు అమరేందర్.

"గా ఒక్కసారి ఎవరి చెయ్యి లోపలుంటదో."

"నీకు అన్నిట్ల అనుమానమే. అయిపోయిందని సార్‌కు చెప్పిన."

రామచంద్రయ్య నన్ను ఎదురుగా పెట్టుకుని అతన్నే అడిగాడు, "మీ ఆమె ఏమంటది?" అని.

"కొత్త పని గద సార్, భయపడుతాంది."

"భయం కాదు సార్. అది ఇంక కాలేదు. మిల్లుకు ఇయ్యొద్దు," అన్నాను.

ఆయన నవ్వాడు. "సైదమ్మా, రేపటి సంది ఇంటికాడ జర ఆరాం చెయ్యి."

కంట్రోలరు పెట్టె ఆ మధ్యాహ్నమే మోత్కూరు వ్యాను ఎక్కింది. ఇంటికొచ్చాక అమరేందర్ జరిగిందంతా అత్తకు చెప్పాడు. "నలుగుర్ల మొగని ఇజ్జత్ తీస్తవా?" అంది అత్త, కంచం ముందుకు తోస్తూ. వడ్డించాను. ఉద్యోగం పోయినందుకు ఏడుపు రాలేదు. ఆ పెట్టె లోపల నడుస్తున్నది నా కోడే అన్న ఆలోచన మాత్రం ముద్ద దిగనివ్వలేదు.

మరునాడు పొయ్యి వెలిగించకుండానే బస్టాండుకు నడిచాను. మిల్లులో పత్తి ధూళి మధ్య ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని ఉన్నారు. రోలర్ల దగ్గరున్న పెద్దామెను పక్కవాళ్లు నాగులమ్మా అని పిలుస్తున్నారు. నన్ను చూసి ఆమె కొంగు కిందికి లాగింది.

"ఎవలు బిడ్డ నువ్వు? పని కోసమొచ్చినవా?"

రోలర్ల పక్కన బిగించిన పెట్టెను చూపించాను.

"గా కొత్త మిషన్ చేసింది నేనే పెద్దమ్మా," అన్నాను. "దాన్ని నమ్మి చెయ్యి పెట్టకుండ్రి."