పేరు పొడిపించిన బేసిన్

భట్టిప్రోలు దాటాక భాగ్యశ్రీ చీర కుచ్చిళ్ళ దగ్గర బిగువు కాస్త వదులు చేసుకుంది. రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పాసింజరులో, తలుపు పక్కన చేపల బేసిన్ పెట్టుకుని కూర్చోవడం ఆమెకు ఏళ్ళ అలవాటు. తడి గోనె కింద కానాగంతలు, ఐసు. ముంజేతుల మీద ఎండిన పొలుసులు మెరుస్తున్నాయి. సగం ఇడ్లీ తిని, మిగతా పొట్లం కట్టేసింది.

"ఏంటే, అప్పుడే చెయ్యి కడిగేశావు? నీళ్ళోసుకున్నావా ఏంటి?" అంది తోడు బేరానికొచ్చే కావేరి.

"ఈ వయసులో నా మీద పడేవి ఐసు నీళ్ళే వదినా!"

కావేరి నవ్వింది. భాగ్యశ్రీ నవ్వబోయి పొట్ట పట్టుకుంది.

బేసిన్ నాయనమ్మది. అంచు మీద చుక్కలతో 'అంకాలమ్మ' అని పొడిపించి ఉంది. ఆవిడ కడుపులో క్యాన్సరుతో పోయింది. తర్వాత అదే జబ్బుతో నాన్న పున్నారావు మంచం పట్టాడు. అప్పుడు తెనాలి డాక్టరు అమ్మ వెంకటరత్నమ్మకు విడమరిచి చెప్పాడు. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, తల్లి నుంచి కొడుక్కి పుట్టుకతో వచ్చిన లోపం. పిల్లల్లో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో రక్తం చూస్తేగాని తెలియదు. ఆడపిల్లలిద్దరినీ తీసుకురండి, ముందే తెలిస్తే కాపాడుకోవచ్చు.

వెంకటరత్నమ్మ పెద్దదాన్నే, భాగ్యశ్రీ అక్కనే, తీసుకెళ్ళింది. అత్తగారి పేరు పెట్టింది దానికే. ముక్కూ మొహమూ ఆవిడవే. కన్నతల్లి పేరని పున్నారావు ఆ పిల్లను ఏనాడూ "ఒసే" అనలేదు, "అమ్మా" అనే పిలిచాడు. పేరుతో మనిషే తిరిగొచ్చిందని నమ్మిన ఇంట్లో, జబ్బు మాత్రం ఇంకో పిల్లను ఎందుకు వెతుక్కుంటుంది?

"చిన్నది అచ్చం మా పుట్టింటి పోలికండి. దానికెందుకండి?" అంది.

పెద్దదానికి లేదని తేలింది. కొబ్బరికాయ కొట్టారు. చిన్నమ్మాయి మాటేమిటని డాక్టరు మళ్ళీ అడిగితే, "అలాగేనండి" అని వచ్చేసింది. అక్క బాపట్ల కాపురానికి వెళ్ళింది. బేసిన్ భాగ్యశ్రీ నెత్తికెక్కింది. గండం గడిచిందని ఆమే అందరికంటే ఎక్కువ సంబరపడింది.

ఆ రోజు తెనాలిలో, వాడుకగా చేప కొనే మాణిక్యాంబగారి గుమ్మంలో చేపలు కోస్తూ కోస్తూ వాంతి చేసుకుంది. కాఫీ డికాషన్‌లా నల్లగా పడింది.

"అయ్యో, ఇప్పుడేగా మెట్లు కడిగించింది! నీళ్ళిస్తాను, కడుగు. ఆ చేపల మీద పడలేదు కదా?"

"లేదండి." మెట్లు కడిగింది, మిగిలిన చేప కూడా కోసి ఇచ్చింది. అక్కడినుంచి నాన్నను చూసిన డాక్టరు దగ్గరికే నడిచింది.

నీచు వాసనని ఆమెను వరండాలోనే కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా ఏమీ తిననివ్వకుండా ఉంచి, గొంతులోంచి కెమెరా దించి చూశారు. తల్లి పోలిక చూసి డాక్టరు ఆమెను గుర్తుపట్టాడు.

"పున్నారావు రెండో అమ్మాయివి కదూ? అప్పుడు రక్తం ఇచ్చావా?"

"అక్కకి లేదన్నారు కదండి."

"అక్కకి లేకపోతే అక్కకే లేనట్టమ్మా." ఆయన కెమెరా తీసిన ఫొటో ఆమె వైపు తిప్పాడు. "పొట్ట గోడంతా గట్టిపడిపోయింది. చాలా ఆలస్యం చేశారు. పిల్లలున్నారా?"

"ఒక్కతేనండి, సుజన."

"ఆ అమ్మాయికైనా పరీక్ష చేయించండి."

ఆమె తల ఊపింది. "నేను వెళ్ళొచ్చాండి? ఎండకి చేప ఆగదు."

మిగిలిన చేపలన్నీ అమ్మాకే ఇంటికి వెళ్ళింది.

తొలకరి పడకముందే భాగ్యశ్రీ పోయింది. నీళ్ళు కూడా దిగని రోజుల్లో ఆమె తల్లిని అడిగింది ఒక్కటే: "సుజనని డాక్టరుకి చూపించవే." "అలాగేలే, పడుకో," అంది వెంకటరత్నమ్మ.

పెద్ద కర్మనాడు బాపట్ల నుంచి వచ్చిన అక్క కూడా అదే అడిగింది. "అమ్మా, పిల్లని రేపు తెనాలి తీసుకెళ్తానే."

"ఎందుకే? తప్పెక్కడ జరిగిందో నాకు తెలిసింది. పేరు నీకు పెట్టి, పేరున్న బేసిన్ దాని నెత్తిన పెట్టాను. రోజూ ఆ పేరే మోసింది, నా తల్లి. ఇక పిల్లకేం భయం లేదు, ఆ బేసిన్ అవతల పారేశాను."

సుజన వాకిట్లో నిలబడి వింటోంది. తలంటిన పసుపు నీళ్ళు జడలోంచి ఇంకా కారుతున్నాయి.

వీధి కాలవ పక్కన బేసిన్ బోర్లా పడి ఉంది. దాని అంచున, నాయనమ్మ పేరు చుక్కల్లో, భాగ్యశ్రీ కోసిన చేపల పొలుసు ఒకటి ఇంకా అంటుకునే ఉంది.