కొబ్బరినూనె పూసిన బుష్షు

పాప జడకి రాద్దామని కొబ్బరినూనె సీసా ఎత్తితే అడుగున చుక్క లేదు.

"నేనే తీసుకెళ్ళేనండి, అమ్మగారూ," అన్నాడు వాకిట్లో, మేం నడిపే స్కూలు వేను తుడుస్తున్న డ్రైవరు వీరన్న. "ముందు చక్రం బుష్షులు కీచుమంటన్నాయని అయ్యగారే రాయమన్నారండి. నెల్రోజుల్నించీ రెండు పూటలా రాస్తన్నాను. చప్పుడు పోయిందండి, ఆయ్!"

దువ్వెన పాప చేతిలో పెట్టేశాను.

టార్చి పట్టుకుని వేను కిందకి దూరాను. చక్రాన్ని బండికి బిగించే చోట, ప్రతి గతుకునీ తను భరించే రబ్బరు ముక్క ఆ బుష్షు. నూనె తాగి ఉబ్బిపోయింది. పక్కన వేలెడు చీలిక. పెళ్ళికి ముందు మూడేళ్ళు చెన్నై ల్యాబులో నా ఉద్యోగం ఇదే. రబ్బరుని మెషీనులో లక్షలసార్లు సాగదీసి, బండిలో అది ఎన్నాళ్ళకి తెగుతుందో ముందే చెప్పడం. గోరంత చీలిక వేలెడు కావడానికి నెలలు పడుతుంది. వేలెడు చీలిక తెగిపోవడానికి రోజులు చాలు. నూనె తాగితే అవీ ఉండవు. బోడసకుర్రు వంతెన మీద గట్టిగా బ్రేకు పడితే చక్రం పక్కకి లాగేస్తుంది. కింద గోదావరి. లోపల పన్నెండు మంది పిల్లలు, వాళ్ళలో మా పాప.

"ఏవండీ, ఇవాళ వేను తియ్యొద్దు."

మా ఆయన గోపీకృష్ణ అట్టు మీంచి తలెత్తలేదు. "చప్పుడు పోయిందిగా? మరింకేంటి, రబ్బరు డాక్టరు గారూ?"

"బండి కింద దొర్లే కోడల్ని ఎక్కడా చూళ్ళేదురా బాబూ," అన్నారు అత్తయ్యగారు. "చీర చూడు, అంతా గ్రీజే! ముందు వాడికి ఇంకో అట్టు వెయ్యమ్మా."

వేశాను. ఆ వేనులో పిల్లల వాంతులు కడిగేది నేను. రోజూ వాళ్ళ తల్లులకి ఫోన్లు చేసేది నేను. ఉద్యోగం మానెయ్యమన్న రోజు "నీ చదువెక్కడికి పోతుంది, మన బండ్లకే పనికొస్తుంది" అన్నారు ఈయన. పనికొచ్చిన రోజున నాకు దక్కింది ఇంకో అట్టు.

పెనం పక్కనే నిలబడి, తల్లిదండ్రుల గ్రూపులో రాశాను. 'ఇవాళ పిల్లల్ని వేను ఎక్కించకండి. చక్రం బుష్షు తెగబోతోంది.'

వెంటనే మూడు జవాబులు. మూడూ ఒకటే: 'గోపీ గారికి ఓసారి ఫోనివ్వమ్మా.'

నాలుగోది గోపీ గారిదే. 'మా ఆవిడకి ఒంట్లో బాలేదండి. వేను మామూలుగానే వస్తుంది.'

బయట పాప బ్యాగుతో ముందు సీటెక్కేసింది. వీరన్న తాళాల కోసం లోపలికొచ్చాడు. వేను కదిలేది ఏడూ ఇరవైకి. ఇంకా రెండు నిమిషాలు. అంతకంటే లేవు.

కొబ్బరి తీసే కత్తి అందుకుని చక్రం పక్కన కూర్చున్నాను. గాలి పట్టే చోట చిటికెనవేలంత రబ్బరు గొట్టం ఉంటుంది. కోశాను. బుస్సుమంది. రెండోది. మూడోది. పాప కిటికీలోంచి నోరు తెరుచుకుని చూస్తోంది. నాలుగోదీ తెగేసరికి వేను నేలకి కూలబడింది.

ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చారాయన. "పిచ్చెక్కిందా నీకు?"

"పిచ్చి కాదు, లెక్కండీ," అన్నాను, పాపని దించుకుంటూ. "ఈ నాలుగు రబ్బర్లూ ఏడూ ఇరవైకి తెగుతాయని నాకు ముందే తెలుసు."