నాలుగో అంతస్తులో చోటు

ఎల్బీనగర్‌లో ప్రభుత్వం కట్టించిన ఐటీ టవర్లో ఆ పూట కూడా లిఫ్టు పనిచేయలేదు. విశ్వేశ్వరరావు నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చి సింధూర ఆఫీసు గదిలో కుర్చీలో కూలబడ్డాడు. టవర్లోకి కంపెనీలను రప్పించడం ఆయన ఉద్యోగం. మంచినీళ్లు తాగి ఆయన ఖాళీ గ్లాసు వైపే చూస్తుంటే, మోసుకొచ్చింది మంచి కబురు కాదని ఆమెకు అర్థమైంది.

"చెప్పండి సార్."

"ఈ అంతస్తు మొత్తం ఇచ్చేయాల్సి వస్తోందమ్మా. పెద్ద కంపెనీ ఒకటి వస్తోంది. ఖాళీగా ఉన్నవి చాలవట, ఇస్తే అంతస్తులకు అంతస్తులే ఇమ్మంటున్నారు. మధ్యలో వేరేవాళ్లుంటే కుదరదట."

"మరి మేము?"

"వెనక బ్లాకులో ఇస్తాం. పూర్తవగానే."

వెనక బ్లాకు సంగతి కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. పిల్లర్లు లేచి అక్కడే ఆగిపోయాయి. చువ్వలు తుప్పు పట్టి, వానకు కారిన ఎర్రటి చారలు సిమెంటు మీద అలాగే ఉండిపోయాయి.

సింధూర వాళ్లది తెనాలి వైపు. తండ్రి ఉద్యోగరీత్యా కొత్తపేటలో స్థిరపడ్డారు. ఇంజనీరింగ్ అయ్యాక పండ్ల మార్కెట్ కమీషన్ వ్యాపారుల కోసం ఆమె ఒక యాప్ తయారుచేసింది. ఏ రైతు సరుకు ఏ ధరకు పోయిందో వేలం పాట ముగిసిన వెంటనే ఆ రైతు ఫోన్‌కు చేరిపోతుంది. అప్పట్లో సైదాబాద్‌లో కింద పిండిమర, పైన ఆమె కంపెనీ. పిండి దుమ్ములో దగ్గుతూనే పని నడిచేది. అలాంటి రోజుల్లో విశ్వేశ్వరరావు ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చాడు. ఐటీ అంటే మాదాపూరే అనుకునే రోజులు పోవాలన్నాడు. తూర్పు వైపు పిల్లలు తూర్పు వైపే కంపెనీలు పెట్టుకోవాలి, అందుకే ప్రభుత్వం ఇంత ఖర్చు పెడుతోంది అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూసే ఆమె ఈ టవర్లోకి మారింది.

"సైదాబాద్ వచ్చి మీరే కదండీ పిలిచింది." గొంతులో కోపం లేదు. కోపగించుకునే ఓపిక కూడా లేదు.

"నేనేనమ్మా. నమ్మే పిలిచాను." ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ప్రజల సొమ్ము పోసి కట్టాం, సగం ఖాళీగా పడుంది. పైవాళ్లు అడుగుతున్నారు, పేపర్లవాళ్లు అడుగుతున్నారు. పెద్దవాడొకడు వస్తే, వాడి వెనక చిన్నవాళ్లు వాళ్లే వస్తారంటున్నారు."

"చిన్నవాళ్లం ముందే వచ్చాం కదా సార్."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

సైదాబాద్ రోజుల నుంచీ ఆమె దగ్గరున్నవాడు ప్రేమ్ కుమార్. యాప్‌లో సగం అతను రాసిందే. ఆ వారం అతను ఆమె కళ్లలోకి చూడటం మానేశాడు. చివరికి కింద టీ బండి దగ్గర, గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతూ నోరు తెరిచాడు.

"అక్కా, ఒక మాట చెప్పాలె. గా కొత్త కంపెనోళ్లు నన్ను పిలిచిన్రు."

"ఇక్కడికేనా?"

"గిక్కడికే. మన అంతస్తుల్నే." గ్లాసు బండి మీద పెట్టాడు. "మాదాపూర్‌ల పిలిస్తె నేను పోలే, నీకెరకే. మెట్రోల నిలబడి పోవుడు, అమీర్‌పేట్‌ల మారుడు, దినమంత తొవ్వలనే పాయె. ఇప్పుడు జోస్నాకు నెలలు నిండుతున్నయ్. దవాఖానకు తీస్కపోవాలంటె నేను దగ్గర్లుండాలె. నువ్వేమనుకుంటవో అని చెప్పలేకపోయిన."

యాప్‌లో సగం రాసినవాడే వెళ్లిపోతున్నాడు. అయితే ఆలోచిస్తే తప్పు పట్టడానికేముంది? కర్మన్‌ఘాట్ కుర్రాడు, భార్య కడుపుతో ఉంది, ఇంటి పక్కనే మంచి ఉద్యోగం. టవర్ కట్టింది దీనికోసమే కదా.

"చేరు ప్రేమ్. చేరకపోతే నేనే తిట్టేదాన్ని" అంది. నవ్వుదామనుకుంది, నవ్వు రాలేదు. టీ సగంలోనే వదిలేసింది.

తర్వాత ఆమె గదుల కోసం కాళ్లరిగేలా తిరిగింది. సైదాబాద్ గదుల్లో అప్పటికే అమ్మాయిల హాస్టల్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఇవ్వగలిగినంత కిరాయి ఆమె ఇవ్వలేకపోయింది. చివరికి దారి చూపింది మట్టయ్య. ఊరి బయట బాటసింగారం పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారి, ఆమె మొదటి ఖాతాదారు, ఆమెను అందరికంటే ఎక్కువ తిట్టేవాడు.

"గోదాం మీద గది ఖాళీగనే ఉన్నది. కిరాయి సంగతి తర్వాత జూద్దాం బిడ్డా. ముందుగాల మిషిన్లు తెచ్చుకో, మామిడి సీజన్ మీదికొస్తున్నది."

ఆమె దగ్గర మిగిలిన ఒకే ఉద్యోగి తన్మయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి బస్సులు మారి కొన్నాళ్లు వచ్చింది. లారీల మధ్య నుంచి నడవాలంటే భయంగా ఉంది, నాన్న వద్దంటున్నారు మేడం అని ఒకరోజు మానేసింది. ఆ గదిలో ఈగలు, కింద హారన్లు, ఎంత తుడిచినా పోని పండ్ల జిగురు. సింధూర ఒక్కతే కూర్చుంది. పెద్ద కంపెనీ ప్రారంభోత్సవానికి రమ్మని విశ్వేశ్వరరావు ఫోన్ చేస్తే, పనుందని చెప్పింది. నిజంగానే పనుంది.

మామిడి జోరుగా దిగుతున్న ఒక సాయంత్రం యాప్ ఆగిపోయింది. కింద వ్యాపారులు గోల పెట్టారు. "ఏందమ్మా, ధర ఎక్కుతలేదు, పాట ఆగిపాయె" అని మట్టయ్య కేకేశాడు. తప్పు ప్రేమ్ రాసిన భాగంలో ఉందని ఆమెకు తెలిసింది, ఎక్కడుందో దొరకలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని తటపటాయించి, చివరికి చేసింది.

"ఒక్క నిమిషం అక్కా, బయటికొస్తున్న" అని అతను గుసగుసగా అన్నాడు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆమె చెప్పింది విని, ఎక్కడ మార్చాలో చెప్పాడు. కాసేపటికి కింద గోల సద్దుమణిగి, మళ్లీ పాట మొదలైంది.

"జోస్నా ఎలా ఉంది?"

"ఆడపిల్ల పుట్టింది అక్కా. నీకు చెప్దామనుకున్న, టైమే దొరకలే."

"ఇల్లు పక్కనే కదా, పాపతో ఆడుకుంటున్నావా?"

"పక్కనే." అటువైపు ఎవరో అతన్ని పిలిచారు. "అమెరికా టైముకు పని అక్కా. నేను ఇంటికి పోయేసరికి పండుకునే ఉంటది. అది లేసేసరికి నేను పండుకోని ఉంట."

"జాగ్రత్త" అంది.

"మీటింగ్ ఉన్నది, పోత అక్కా."

సింధూర ముఖం కడుక్కుని చున్నీతో తుడుచుకుంది. కింద మట్టయ్య తర్వాతి లారీ సరుకుకు ధర పిలుస్తున్నాడు. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని ఆ ధర నమోదైందో లేదో చూసింది. అయింది.