లోయకు గుండిగలెందుకు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే సర్దుకుని చదవండి. రాయడం కూడా నెమ్మదే. ఈ కాస్త కథకే చాలా రోజులు పట్టింది.

పాడేరు అవతల కొండల మధ్య ఒక లోయ ఉందనీ, రోడ్డు ఆగిపోయిన ఊరి నుంచి నడిచి దిగాలనీ, వాగు దాటి గుడారాల్లో పడుకోవాలనీ విన్నప్పటి నుంచి శేషారత్నానికి మనసు నిలవలేదు. పొద్దున్నే రేపల్లెలో ఆటో ఎక్కి పెనుమూడి పోయి, కాళ్ళకు అలవాటు కావాలని కృష్ణా కరకట్ట ఎక్కుతూ దిగుతూ ఉండేది. ఆ చుట్టుపక్కల ఎత్తంటూ ఉన్నది అదొక్కటే.

ఆదివారం తెనాలిలో ఆడపడుచు విమల ఇంట్లో అందరూ ప్రయాణం మాట్లాడుకోడానికి కూర్చున్నారు. ఒకప్పుడు కాశీకీ రామేశ్వరానికీ బస్సు మాట్లాడుకుని వెళ్ళినవాళ్ళే వీళ్ళంతా. లోయను కూడా ఆ లెక్కలోనే వేశారు. గ్యాసు పొయ్యిలు, గుండిగలు, బియ్యం బస్తా అన్నీ జాబితాకెక్కాయి.

"పెరుగు మాత్రం ఇక్కణ్ణుంచే తోడేసుకుని పోవాలండి," అన్నారు మల్లేశ్వరరావు మాస్టారు. రిటైరైన లెక్కల పంతులు ఆయన, ప్రయాణానికి పెద్ద. "ఆ కొండల్లో మనకి పెరుగెవడిస్తాడు?"

"మీ కోసం గేదెనే తోలుకుపోదాం మాస్టారూ," అంది విమల. అందరితో పాటు శేషారత్నమూ నవ్వింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

"వ్యాను రోడ్డు చివర ఊళ్ళో ఆగుద్ది," అంది విమల. "వదిన అక్కడే ఉంటది. వండి క్యారేజీలు కడితే ఆ ఊరివాళ్ళెవరో కిందికి మోసుకొస్తారు."

"ఏ వదిన?" అంది శేషారత్నం.

"నువ్వే. ఇంకెవరున్నారు?"

"నేను లోయలోకి రానా?"

"నువ్వొస్తే వంటెవరు చేస్తారు? ఈ వయసులో ఆ ఎక్కడాలూ దిగడాలూ నీకెందుకు వదినా, హాయిగా వ్యాన్లో కూచోక."

"నువ్వు నాకంటే రెండేళ్ళేగా చిన్న. నీకెందుకు మరి?"

మాస్టారు సర్దబోయారు. "కాశీకి వచ్చారు, రామేశ్వరం వచ్చారు. మీ చేతి వంట లేకపోతే మాకు యాత్ర చేసినట్టే ఉండదమ్మా."

"కాశీలో నేనేం చూశానో తెలుసా మాస్టారూ? సత్రం వంటిల్లు. మీరంతా పడవెక్కి గంగ మీద తిరుగుతుంటే, ఆ కుళాయి నీళ్ళల్లో కందిపప్పు ఉడక్క నేను చచ్చాను. రామేశ్వరంలో సముద్రం ఏ పక్కనుందో నన్నడక్కండి. గాలికి పొయ్యి ఆరకుండా రేకు అడ్డం పట్టుకోడంతోనే సరిపోయింది."

"అప్పుడే చెప్పొచ్చుగా," అంది విమల.

"అప్పుడు నా టిక్కెట్టు మీరు పెట్టుకున్నారు. నోరు మూసుకున్నా. ఈసారి అందరితో పాటు నా వాటా నేనిచ్చా."

"దానికేనా ఇదంతా? ఆ డబ్బులు తిరిగిచ్చేస్తాంలే వదినా."

ఆ మాటతో శేషారత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకేమీ అనకుండా ఫోను తీసి చందనకు కలిపింది. బాపట్లలో ఉండి ఇలాంటి కొండ ప్రయాణాలు నడిపే అమ్మాయి చందన. ఈ లోయ సంగతి వీళ్ళకు చెప్పిందీ ఆమే. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టింది శేషారత్నం.

"అమ్మాయ్, మా గుండిగలు ఆ ఊళ్ళో ఎక్కడ దించుకోవాలి?"

"గుండిగలేంటి పిన్నీ? లోయలో పొయ్యి మా వాళ్ళే పెడతారండి. పప్పూ అన్నం అందరూ తలో చెయ్యి వేసి వండుకోడమే. మాస్టారికి మొన్ననే చెప్పానండి."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకోసాగారు. "వాళ్ళ పప్పు మనకి పడదని..." అన్నారు.

"అంటే వంటమనిషి అక్కర్లేదని మీకు తెలుసు," అంది శేషారత్నం. ఏడుపు వస్తుందేమోనని భయపడింది గానీ వచ్చింది కోపమే. "తెలిసీ నన్ను కొండ మీద పొయ్యి ముందు కూచోబెడదామనుకున్నారు. చందనా, మా వాళ్ళు వచ్చినా రాకపోయినా నేను లోయలోకి దిగుతాను. వీళ్ళు మానేస్తే నన్ను ఇంకెవరితోనైనా కలుపు."

"కలుపుతానండి. మీ సంచి మాత్రం మీరే మోసుకోవాలి పిన్నీ."

"మోస్తాను."

ఫోను పెట్టేసి లేచింది. విమల కాఫీ తాగి వెళ్ళమంది. అక్కర్లేదంది.

రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చున్నా ఆమెకు బయట చేలేవీ కనపడలేదు. అనాల్సిన మాటలు ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి. భట్టిప్రోలులో బండి ఆగినప్పుడు ఫోను మోగింది.

"వదినా, కోపమొచ్చిందా?" అంది విమల.

"వచ్చింది. ఇంకా ఉంది."

"సర్లే, అందరం కలిసే దిగుదాం. గుండిగలు వద్దన్నారు మాస్టారు. పోనీ, దారిలోకి పులిహోర ఒక్కటి చేసుకొస్తావా?"

"చెయ్యను," అంది శేషారత్నం.

రాసింది కొల్లి భ్రమరాంబ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బాపట్లలో.