సుబ్బలక్ష్మి నీళ్ళు

ఆ నల్లా దగ్గర బిందె పట్టుకుని మీరూ నిలబడ్డారనుకోండి. ఏం చూశారో చెప్పండి. నీళ్ళు చూశామనొద్దు. నీళ్ళు అందరికీ కనబడతాయి.

అరవై తొమ్మిదిలో చిక్కడపల్లిలో ఎనిమిది వాటాల ఆ ఇంటికి ఒకటే నల్లా. సుబ్బలక్ష్మి బిందె పెడితే ఉప్పునీళ్ళు పడేవి. అందుకని ఆమెది ఎప్పుడూ చివరి వంతు. "పప్పులోకి ఓ చెంబు పొయ్యవే, ఉప్పు కలిసొస్తుంది," అని పక్కవాటా బుల్లెమ్మ నవ్వేది. సుబ్బలక్ష్మీ నవ్వి పోసేది.

ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. తొమ్మిదేళ్ళప్పుడు కాకినాడలో బాబాయి బియ్యం గదిలోకి పిలిచి గడియ వేసేవాడు. అమ్మకు చెబితే అమ్మ అరచేత్తో నోరు మూసింది. "ఏడిస్తే పరువు పోతుంది" అంది. పరువట! పసిపిల్లను బలిపెట్టి కాపాడుకున్న పరువు. ముప్ఫై ఏళ్ళొచ్చినా ఆ చెయ్యి నోటిమీద నుంచి లేవలేదు.

ఆషాఢంలో ఒక పొద్దున ఆమె నీళ్ళు తియ్యగా పడ్డాయి.

"మంచిరోజులొచ్చాయే నీకు," అంది బుల్లెమ్మ.

"అవును పిన్నిగారూ," అని సుబ్బలక్ష్మి నెమ్మదిగా నవ్వింది.

అరువు తెచ్చుకున్న జల్లెడ తిరిగిచ్చింది. తన పట్టుచీర బుల్లెమ్మ చేతిలో పెట్టింది. మనిషి తేరుకుందని ఇల్లంతా సంబరపడింది.

వెనక రేకుల షెడ్డులో ఉండే కురుమమ్మ పాలమూరు మనిషి, అశోక్‌నగర్‌లో ఇటుకలు మోస్తుంది. ఆ నీళ్ళు దోసిట పట్టి తాగింది. సుబ్బలక్ష్మి మొహం చూసింది. తన చెల్లెలు ప్రాణం తీసుకున్న పొద్దున కూడా ఇట్లాగే నెమ్మదిగా నవ్వింది.

పని మానుకుని పోయి సుబ్బలక్ష్మి తలుపు తట్టింది.

"లచ్చమ్మా, తలుపు తియ్యి."

"పనుంది కురుమమ్మా. రేపు రా."

"రేపు నువ్వుంటవా?"



"ఉండను."

"గట్లయితే నేనూ యాడికి పోను. నీ గడప మీదనే కూసుంట. మేస్త్రీ తిడితే తిట్టనియ్యి. జర తియ్యి బిడ్డా."

గడియ తీసింది.

"నిన్నింత గోస పెట్టిందెవరు?" అని అడిగింది కురుమమ్మ.

ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. సుబ్బలక్ష్మి చెప్పింది. ఏడుస్తూ సాయంత్రం దాకా చెప్పింది. భర్త ధర్మారావు ఆఫీసు నుంచి వచ్చేసరికి కురుమమ్మ ఇంకా ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

"సారూ, ఈమెను ఒంటిగ ఇడువకు. దవాఖానకు తోల్కపో. రేపు కాదు, ఇప్పుడే."

సుబ్బలక్ష్మి బతికింది. చెడ్డరోజులు మళ్ళీ వచ్చాయి. అప్పుడు తనే వెళ్ళి ఆ రేకుల తలుపు తట్టేది.

మీ ఇంట్లో ఉన్నట్టుండి నెమ్మదించిన ఆడమనిషిని చూసి సంతోషించారు సరే, ఏమైందని అడిగారా?