మూడంటే తోయి

మోహన్‌రాజ్ నా పెండ్లాం తమ్ముడు. వాడు నన్ను ఎట్ల ముంచినాడో నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. వాడు ఊర్లో చెప్పుకుంటా తిరిగే కథ వేరే. "మా బావ చెయ్యి పెడితే ఏ యాపారమూ నిలవదు" అంటాడంట. అదీ ఎక్కడ? ధర్మపురి బస్‌స్టాండు టీ కొట్లో, నా లెక్కలో రాయించిన టీ తాగుతా.

వాడు హోసూరులో ఏదో క్లీనింగు కంపెనీలో కొన్నాళ్ళు పని చేసి వచ్చినాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట, కార్పెట్లు.

"బావా, పెద్ద ఊర్లలో కార్పెట్‌ని బయటికి మోసుకొచ్చి ఉతకరు. మిషను వ్యానులోనే ఉంటాది. వ్యాను గేటు కాడ నిలబడతాది. పైపు ఒకటే లోపలికి పోతాది. వేడినీళ్ళు కొట్టేది, ఆ మురికిని మళ్ళీ తానే పీల్చుకొనేది. మనం చెయ్యాల్సింది కాలు మీద కాలేసుకొని కూర్చునేదే."

"ధర్మపురిలో కార్పెట్ ఎవరింట్లో ఉందిరా?" అన్నాను.

"మనింట్లో ఈతచాప ఉంది, మొదట దాన్ని కడగమను!" అని వంటింట్లోంచి చెన్నమ్మ అరిచింది. తోడబుట్టిన అక్కే అట్ల అనిందంటే నేను అప్పుడే లేచి పోవాల్సింది. కూర్చున్నాను.

"ఇండ్లు కాదు బావా, మండపాలు!" అన్నాడు వాడు.

పాలకోడు రోడ్డులో సదాశివం గారికి కల్యాణమండపం ఉంది. గేటు నుంచి వేదిక దాకా ఎర్ర కార్పెట్. ఎన్ని పెండ్లిళ్ళ సాంబారు తాగిందో, ఎంతమంది మామలు తాంబూలం ఉమిసినారో, ఇప్పుడు దాన్ని ఎర్ర కార్పెట్ అనడానికి పాత ఫోటో చూపించాల. ఆయన దగ్గరికి పోయినాము. నాకు మిషను కొనడానికి డబ్బు కావాల, ఆయనకు నా టమాటా నేల మీద ఎప్పటి నుంచో కన్ను.

"రామసామీ, మాట ఒకటే" అన్నాడాయన, చెయ్యి కుర్చీ మీద కొట్టి. "నీ నేల నా పేర రాయి, డబ్బు తీసుకో. శుక్రవారం పెద్ద ముహూర్తం. ఆ లోపల నా కార్పెట్ మెరిసిందా, సంవత్సరమంతా మండపం పని నీదే. ఆ కూలిలోనే డబ్బు తీర్చి నేల తీసుకో. మెరవలేదా, నేల నాది. మళ్ళీ వచ్చి ఏడవకూడదు."

"మెరుస్తాది సార్, మొహం చూసుకోవచ్చు!" అన్నాడు మోహన్‌రాజ్, నేను నోరు తెరిచేలోపలే. నేల నాది, నోరు వాడిది.

మిషను హోసూరు నుంచి లారీలో దిగింది. పాతది. ఇంజను, నీళ్ళు కాచే బాయిలరు, మురికి పీల్చే మోటరు, ఆ మురికి నిలిచే ట్యాంకు, అన్నీ ఒకే ఇనుప చట్రంలో బిగించినారు. మా చిన్నాయన ఓబప్ప ఎనుములు మేపేవాడు. దాని చుట్టూ తిరిగి చూసి, వెనక తట్టి, "చూలుతో ఉన్నట్టుందే. ఈనితే ఎన్ని లీటర్లు ఇస్తాది?" అన్నాడు.

"పాలు ఇయ్యదు తాతా, దుడ్డు ఇస్తాది" అన్నాడు మోహన్‌రాజ్.

"అట్లయితే నా కొట్టం కడిగి చూపించు. ఎనుముకాడ పని చేసేది పెండ్లికాడ చెయ్యదా?"

సరే పరీక్ష అనుకొని చిన్నాయన కొట్టం కడిగినాము. చెప్పకూడదు గానీ, ఆ మిషను పని పనే. పేడంతా జుర్రుమని పీల్చేసింది. ఎనుములు కొట్టాన్ని గుర్తుపట్టక వాకిట్లోనే నిలబడినాయి. ట్యాంకు నిండా పేడనీళ్ళు. పారబోయిరా అంటే మోహన్‌రాజ్, "బావా, వ్యానుకెక్కినాక దారిలో వదిలేద్దాం" అన్నాడు. ఇది గుర్తు పెట్టుకోండి.

వ్యాను వాడిదే, కంతుల మీద తీసినాడు. కొత్త మోడలు, తెల్లది, వెనక తలుపు పైకి లేచే రకం. వెనక్కి వస్తే తానే కీచుకీచుమంటాది. పైకి చూస్తే పెండ్లికొడుకు, వంగి కింద చూస్తే రేకు. చట్రం బిగించడానికి వెల్డింగు వేల్‌మురుగన్‌ను పిలిచినాము. తమిళతను. మా తెలుగు ఒక్క ముక్క రాదు. కింద దూరి చూసి, మొహం తుడుచుకుంటా బయటికి వచ్చి తమిళంలో చెప్పినాడు.

"అణ్ణా, ఈ రేకు మీద ఇంత బరువు ఊరికే నిలబెట్టకూడదు. పైన ఒక ఇనుప పలక, కింద ఒక పలక, మధ్యలో బోల్టులు. కానీ బోల్టు దిగాల్సిన చోటే కింద బండి నడిచే గ్యాసు సిలిండరు ఉంది. అక్కడ తూటు వేస్తే మనం మండపానికి పోము, నేరుగా పైకే. పక్కకు జరిపి వేరే చట్రం కట్టాల. ఆదివారం అయిపోతాది."

"ముహూర్తం శుక్రవారం, బోల్టు ఆదివారమా?" అన్నాడు మోహన్‌రాజ్. "ఇప్పటికి మోకుతో కట్టుకొని పోదాం. ఒక్క పూటే కదా."

"రేయ్, గడ్డిమోపు అనుకున్నావా మోకుతో కట్టడానికి?" అన్నాను.

"బావా, నువ్వు మూడో తరగతితో బడి మానేసినావు. ఇది టెక్నికల్."

వాడు చదివింది ఎనిమిది. అయినా పోయి మోకు తెచ్చినాను.

వ్యాను వెనక పలకలు వాల్చి, మిషను కింద పైపులు దొర్లించి, నేను, మోహన్‌రాజ్, చిన్నాయన భుజం ఆనించినాము. వేల్‌మురుగన్ పైకి లేచిన తలుపు పట్టుకొని పక్కన నిలబడినాడు. ధర్మపురి తమిళనాడులో ఉంది గదా, మేము బయట తమిళం, ఇంట్లో తెలుగు. సంతలో బేరమూ తమిళమే, పోట్లాటా తమిళమే. అయితే బరువెత్తేటప్పుడు లెక్క మాత్రం తెలుగులోనే వస్తాది. అది నోట్లోంచి కాదు, నడుములోంచి వచ్చేది.

"ఒగటి! రెండు! మూడు!" అని అరిచినాను.

దబ్బుమని తలుపు వచ్చి మిషను నెత్తిన పడింది. మిషను వెనక్కి జారి కింద కూర్చుంది. చిన్నాయన తలపాగా ఎగిరి మురుక్కాలవలో పడింది. తలుపు అంచు వంగిపోయింది, గడియ పడకుండా అయింది.

"ఏమయ్యా, తలుపెందుకు దించినావు?" అని తమిళంలో అరిచినాను.

"మీరే కదణ్ణా మూడు అంటిరి?" అన్నాడు పాపం.

అప్పుడు వెలిగింది. తమిళంలో మూడు అంటే మూసెయ్ అని. వాళ్ళ లెక్కలో మన మూడుకు మూణు. చెన్నమ్మ వాకిట్లో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. చిన్నాయన మాత్రం నవ్వలేదు, తలపాగా పిండుకుంటా ఉన్నాడు.

నేను వేల్‌మురుగన్ భుజం పట్టుకొని పక్కకు తీసుకుపోయినాను. "ఇదో చూడు. మా కాడ మూడు అంటే లెక్క. మూడు అంటే తోయి. ఏం చెప్పినాను?"

"మూడంటే తోయి."

"మళ్ళీ చెప్పు."

"మూడంటే తోయి, అణ్ణా. సచ్చినా మరవను."

ఈసారి వేల్‌మురుగన్ కూడా భుజం పెట్టినాడు. మూడు అనంగానే అతను తోసిన తోపుకు మిషను ఒక్క ఊపున లోపలికి పోయి, డ్రైవరు సీటు కాడ ఆగింది. "సభాష్!" అన్నాను. మోకుతో కట్టినాము. అటూఇటూ కదలకుండా పట్టుకోవడానికి వేల్‌మురుగన్‌ను సీట్లకు మిషనుకు మధ్యలో కూర్చోబెట్టినాము. గడియ పడని తలుపును కమ్మీతో చుట్టినాము. ట్యాంకు సంగతి ఎవరికి గుర్తుంటాది?

సదాశివం గారి మండపం రోడ్డు కంటే పల్లంలో ఉంది. మోహన్‌రాజ్ వ్యానును కీచుకీచుమనిపిస్తా గేటులోకి వెనక్కి దించినాడు. నేను దిగి కమ్మీ విప్పి, తలుపు పైకెత్తి, పైపు లాగుదామని నిలబడినాను. వెనక వేదిక దాకా కార్పెట్. సదాశివం గారు తెల్ల పంచెలో, చేతులు కట్టుకొని, మెట్ల మీద నిలబడి చూస్తా ఉన్నాడు. పూల తోరణం కట్టేవాళ్ళు కూడా పని ఆపి చూస్తా ఉన్నారు. నా నేల తిరిగి వచ్చేసినట్టే అనిపించింది. టమాటా తీసేసి ఈసారి బంతి వేద్దామా అని కూడా అనుకున్నాను.

అప్పుడు చినుకులు పడినాయి.

ఇంజను వైర్లు తడుస్తాయని మోహన్‌రాజ్‌కు భయం. డ్రైవరు సీట్లోంచే మెడ తిప్పి, మామూలుగా బయట మాట్లాడే తమిళంలోనే అరిచినాడు. "మూడు! మూడుడా, మూడు!"

తలుపు ముయ్యమని వాడి అర్థం. వేల్‌మురుగన్‌కు మాత్రం నేను నేర్పించిన పాఠం. సచ్చినా మరవనన్నాడు, మరవలేదు. మూడుసార్లు అన్నాడు గదా అని మూడుసార్లు తోసినాడు. మొదటి తోపుకు మోకు కిర్రుమనింది. రెండో తోపుకు తెగింది. మూడో తోపుకు నేను పక్కకు దూకినాను.

మిషను కార్పెట్ మీద బోర్లా పడింది. ట్యాంకు మూత ఊడింది. చిన్నాయన ఎనుముల పేడంతా ఆ పల్లంలో అలలు అలలుగా పారతా, వేదిక మెట్టు ఎక్కి, పెండ్లికూతురు కూర్చునే పీట దాకా పోయి ఆగింది.

వేల్‌మురుగన్ వ్యాను అంచు మీద నిలబడి, ఎగపోసుకుంటా, నా వైపు చూసి అడిగినాడు. "సరిగా తోసినానా, అణ్ణా?"

మోహన్‌రాజ్ ఏమన్నాడో తెలుసా? దిగి వచ్చి, మిషను చుట్టూ చూసి, "బావా, ఎంత పడినా బాయిలరు సొట్ట పడలేదు చూడు. గట్టి సరుకు!" అన్నాడు.

సదాశివం గారు పంచె పైకి కట్టుకొని మెట్టు దిగినాడు. కాలు పెట్టే చోటు వెతుక్కొని, దొరక్క, అక్కడే ఆగినాడు. "రామసామీ, మెరుస్తా ఉంది" అన్నాడు.

నిజమే. తడి పేడ మెరుస్తాది.

ఆయన శుక్రవారానికి సేలం నుంచి కొత్త కార్పెట్ తెప్పించినాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, నేల పెట్టుకున్నాడు. మిషను చిన్నాయన కొట్టంలో ఉంది. దాని మీద కోళ్ళు గుడ్లు పెడతాయి. "నేను ముందే చెప్పలేదా, చూలుతో ఉందని" అంటాడు చిన్నాయన. వేల్‌మురుగన్ కనిపిస్తే నేనే టీ ఇప్పిస్తాను, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఈ కథలో అతనొక్కడే. ఇక మోహన్‌రాజ్ అదే వ్యానులో సదాశివం గారి టమాటాలు పాలకోడు మార్కెట్టుకు తోలతా ఉన్నాడు. రోజూ మా ఇంటి ముందరే పోతాడు, హారన్ కొట్టి మరీ. ఆ టమాటాలు ఏ నేలలో పండినాయో వేరే చెప్పాల్నా? రోడ్డు ఆనుకొని, బోరుతో సహా, నలభై ఒక్క సెంట్లు.