లోతులో గండిపరిగెలు

ఎండలకు యాంగోన్‌కు ఉత్తరాన ఉన్న పెద్ద చెరువులో చేపలు చచ్చి తేలాయని విన్నప్పటి నుంచి అప్పలనరసమ్మకు మనసు మనసులో లేదు. ఏటా వానలకు ముందు ఆమె గాలం వేసేది అక్కడే. కోడలు మల్లికకు గాలం నేర్పిందీ అక్కడే. ఆదివారం నగరంలో తామ్వే పేటలోని తమ పిండిమర మూసి అత్తాకోడళ్లు బస్సెక్కారు.

అద్దె పడవలో ఒడ్డు వెంబడి నాచు పక్కన గాలం వేశారు. బెండు కదల్లేదు.

"గుడ్లు పెట్టడానికి వానలొచ్చాకే ఒడ్డుకొస్తాయే. లోతుకి పోనీ," అంది అత్త.

చెరువు నడిమధ్య మల్లిక అడుగుదాకా దారం వదిలింది. ఎంతసేపటికీ ఏమీ పడలేదు. అప్పలనరసమ్మ నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

"అడుగున సేపలకి గాలాడదేమో అత్తా. పైకి లాగి సూస్తాను," అంటూ మల్లిక ఒక బార దారం చుట్టింది. ఇంకో బార చుట్టేసరికి చేతికి చిన్న గుంజు తగిలింది.

అరచేయంత గండిపరిగె పైకొచ్చింది. కడుపు గుడ్లతో బిగిసి ఉంది. అప్పలనరసమ్మ చెయ్యి తడుపుకుని దాన్ని పట్టుకుంది, గాలం తీసి మెల్లగా నీళ్లలో వదిలింది. ఆ తర్వాత పడ్డవాటినీ అలాగే వదిలేసింది.

"ఏటత్తా, అన్నీ ఒగ్గేస్తన్నావు? మరి కూరకేటి?"

"బతికే ఉన్నాయి కదే. ఇంటికాడ వంకాయలున్నాయి, వండుకుందాం."

అప్పలనరసమ్మ పడవలో కాళ్లు బారచాపి, హాయిగా కళ్లు మూసుకుంది.